మూఢంలో మోగిన బ్యాండు

మొన్న మా వీధి చివర పెళ్లి పందిట్లో ఎవరో ఆంప్లిఫయర్ ఆన్ చేశారు. పాట ఇంకా పెట్టలేదు, ముందు వాసన వచ్చింది. నెలల తరబడి గోనెపట్టా కింద పడున్న ఆంప్లిఫయర్‌కి కరెంటు తగలగానే లోపలి దుమ్ము వేడెక్కి వచ్చే వాసన అది. కాలిన జుట్టుకీ, ఎండలో కొత్త తారురోడ్డుకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ వెంటనే బాక్సుల్లోంచి సన్నటి గుయ్‌మనే చప్పుడు. చేతిలో ఫోనుంది. ఎవరికో మెసేజ్ సగం టైపు చేసి అలాగే రోడ్డు మధ్య నిలబడిపోయాను. వెనక స్కూటరు మీదున్నాయన విసుగ్గా హారన్ కొట్టాడు. మామూలుగా అయితే వెనక్కి తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని. ఆ రోజు పక్కకి తప్పుకున్నాను. మూఢం వెళ్లిపోయిందన్నమాట అనుకున్నాను. మూఢం వెళ్లిపోయిందంటే దానియేలు గారి బాక్సులు వ్యానెక్కి పెళ్లిళ్లకు పోయే రోజులు. మా బ్యాండు నోరు మూసుకునే రోజులు.

దానియేలు గారు మీలో ఎవరికీ తెలిసుండరు. ఆయనకి కొవ్వూరులో మైకుసెట్టు షాపుండేది. పెళ్లిళ్లకీ, సభలకీ, చర్చి కూడికలకీ బాక్సులూ మైకులూ అద్దెకిచ్చేవారు. ఆదివారం లూథరన్ చర్చిలో క్వయర్ వెనక వరసలో నిలబడి పాడేవారు. ఊరికి తెలిసిన దానియేలు గారు ఈయనే. ఇంకో దానియేలు గారు 'ఒండ్రు' అనే మెటల్ బ్యాండుకి గొంతు. మెటల్‌లో మెత్తటి రకాలు కూడా ఉన్నాయి, ఇది అది కాదు. చెవి పక్కన కంకర మర పెట్టినట్టుండే రకం. ఇందులో పాడరు, గొంతు అడుగునుంచి గర్జిస్తారు. దాన్ని గ్రౌల్ అంటారు. మొదటిసారి విన్నవాళ్లకి మనిషా జంతువా అని అనుమానం వస్తుంది. అలాంటి గర్జన ఒకటి ముగించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, గోడౌన్‌లో వినడానికొచ్చిన ఆ నలుగురైదుగురి వైపూ చూసి "ఇంకొక్కటి ఉందండి. ఇది ఇంకాస్త గట్టిగా ఉంటుందండి, ఏమనుకోకండి" అనేవారాయన.

ఒండ్రుకి ఒక విచిత్రమైన క్యాలెండరుండేది. వాయించడానికి కావలసిన పెద్ద బాక్సులూ, ఆంప్లిఫయర్లూ, మిక్సరూ అన్నీ షాపువే. ముహూర్తాలున్నన్నాళ్లూ అవి పాలకొల్లులో ఒక పెళ్లిలోనో, నిడదవోలులో ఇంకో పెళ్లిలోనో ఉంటాయి. మూఢమో ఆషాఢమో వచ్చి పెళ్లిళ్లు ఆగితేనే గోడౌన్‌కి తిరిగొస్తాయి. అప్పుడే బ్యాండుకి ప్రాణం. పాట కట్టడం, వాయించడం, రికార్డు చేయడం అన్నీ ఆ రోజుల్లోనే. జనం మంచిపని మొదలుపెట్టడానికి భయపడే రోజులే మాకు మంచిరోజులు.

నేను హైదరాబాద్‌లో పెరిగాను. నాన్నకి రాజమండ్రి బదిలీ అయినప్పుడు డిగ్రీ మధ్యలో నన్ను పీక్కొచ్చి ఇక్కడ పడేశారనిపించింది. ఎవరితోనూ పడేది కాదు. కాలేజీలో గొడవ, ఆటో దగ్గర గొడవ, ఇంట్లో అమ్మతో గొడవ. మిగతా టైమంతా గిటారూ, ఫోనూ. ఒక మధ్యాహ్నం, ఎక్కడో బ్రెజిల్‌లో ఎవడో నడిపే పేజీలో ఒక పాట దొరికింది. నిమిషం కూడా లేదు. బుర్ర తిరిగిపోయింది. కింద ఊరి పేరు చూస్తే కొవ్వూరు! గోదావరికి అవతలి ఒడ్డు. మా మేడెక్కితే కనబడే ఊరు. గిటారు భుజాన వేసుకుని వంతెన దాటే బస్సెక్కేశాను.

షాపులో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వైరుకి టేపు చుడుతున్నాడు.

"ఒండ్రు బ్యాండు ఇక్కడేనా?" అన్నాను.

"ఆయ్, ఇక్కడేనండి. కూర్చోండి. కాఫీ తాగుతారా?"

"వద్దండి. బ్యాండువాళ్లెక్కడున్నారు?"

"వాళ్లంటే... ప్రస్తుతానికి నేనేనండి."

నేను ఆయన్ని ఎగాదిగా చూశాను. నల్ల టీషర్టు లేదు, జుట్టు లేదు. ఉన్న జుట్టుకి కొబ్బరినూనె. "ప్రాక్టీసెప్పుడు మరి?" అని అడిగాను.

"మూఢంలోనండి."

"మూఢం అంటే?"

ఆయన టేపు చుట్టడం ఆపేశారు. "అయ్యో. మీరు హిందువులే కదండీ?" అని, లోపలికి తిరిగి, "సునీతా, ఒకసారి ఇలా రా! ఈ అమ్మాయికి మూఢం అంటే నేను చెప్పాలంట!" అని కేకేశారు. లోపలినుంచి ఆయన భార్య సునీతక్క నవ్వుకుంటూ రెండు గ్లాసుల కాఫీతో వచ్చింది. వద్దన్నానని చెప్పినా వినలేదు. ఆ ఇంట్లో కాఫీ వద్దంటే అదొక మాట కింద లెక్క కాదని తర్వాత తెలిసింది.

బ్యాండు పుట్టుక గురించి ఆ రోజే చెప్పారు. మొదట్లో ముగ్గురు స్నేహితులు. ఎవరో ఇచ్చిన క్యాసెట్లు విని, వాటిలో ఎవరెంత వేగంగా వాయిస్తే వీళ్లు అంతకన్నా వేగంగా వాయించాలని పంతం పట్టారు. పాటలన్నీ వరదల గురించే. గట్టు తెగడం, పశువులు కొట్టుకుపోవడం, లంకల్లో జనం చెట్లెక్కడం. ఒక్కో పాట గట్టు తెగినంతసేపే ఉండేది. అప్పటి బాక్సులు చిన్నవి, ఆ వేగానికి లోపలి కాగితపు కోను చిరిగిపోయేది. ఆ చిరిగిన చప్పుడే ఒండ్రు మొదటి చప్పుడు. దూరదేశాల్లో వింటున్నవాళ్లు దాన్నొక శైలి అనుకున్నారు. ఆయన మాత్రం "కొత్త కోను కొనే పరిస్థితి లేదండీ, అంతే" అన్నారు. తర్వాత ఒకతను దుబాయ్ వెళ్లిపోయాడు, ఇంకొకతను అత్తారి చేపల చెరువులు చూసుకోవడానికి భీమవరం పోయాడు. దానియేలు గారొక్కరే బేస్ గిటారూ, గొంతూ పట్టుకుని మిగిలారు. నేను చేరాక షాపు వ్యాను నడిపే శ్రీను డ్రమ్స్ మీద కూర్చున్నాడు. శ్రీను రోజుకి పది మాటలు కూడా మాట్లాడడు. డ్రమ్స్ ముందు కూర్చుంటే మాత్రం వీడి నోరు ఇక్కడుందా అనిపిస్తుంది.

నేను వెళ్లాక మొదటి ఆషాఢంలో, నాకొచ్చినదంతా ఒక్క దెబ్బతో చూపించాలని, వేళ్లు మండేదాకా వాయించాను. అయ్యాక పక్కన టిఫిన్ సెంటరు ఆవిడ గుమ్మంలోకి వచ్చి "దానియేలు గారూ, మీ పాటకి నా చట్నీ గిన్నెలు నడుస్తున్నాయండీ" అంది. "తప్పయిపోయిందండి, తగ్గిస్తాం" అని ఆవిడని పంపించి నా వైపు తిరిగారు.

"చాలా బాగా వాయించారండి, హారిక గారు. కానీ మీ కోపం వినబడుతోంది గానీ పాట వినబడట్లేదండి."

"మెటల్ అంటేనే కోపం కదా!"

"అవునాండి? నేనింకా ఏడుపనుకుంటున్నానండి."

ఒళ్లు మండిపోయింది. గిటారు బ్యాగులో పెట్టేసి బయటికి నడిచాను. ఆయన ఆపలేదు. వెనకే స్కూటరు తీసుకొచ్చి, "బస్టాండుకే కదండీ, ఎక్కండి" అన్నారు. ఎక్కితే బస్టాండుకి కాకుండా గోదావరి రేవుకి తీసుకెళ్లారు. ఎగువన వానలు పడుతున్నాయి. నది ఎర్రగా, మెట్లన్నీ మింగేసి, గట్టు కింద పాకుతున్నట్టుంది. నేను ఫోను తీసి స్టోరీ పెడుతున్నాను. ఆయన మధ్యలో కొట్టుకొస్తున్న ఒక దుంగని చూపించి, "దాంతో పాటు నడవండి చూద్దాం" అన్నారు.

ఇదేం పిచ్చి అనుకుంటూ గట్టు మీద నడిచాను. చూడ్డానికి ఆ దుంగ నిద్రపోతున్నట్టుంది. కాసేపటికి నడక చాల్లేదు, అడుగు పెంచాను. తర్వాత పరిగెత్తాను. చెప్పులు చేతిలో పట్టుకుని, రొప్పుతూ, గట్టు మీద కూర్చున్నవాళ్లంతా చూస్తుంటే పరిగెత్తాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి అది స్తంభాల మధ్యనుంచి జారిపోయి కనబడకుండా పోయింది. ఊపిరాడక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాను. ఆయన స్కూటరు మీద మెల్లగా వచ్చి ఆగారు. పాఠం చెబుతారేమో, చెబితే తిరిగి ఏం అనాలో మనసులో సిద్ధం చేసుకుంటున్నాను. ఆయన "చెప్పులేసుకో అమ్మా, గాజుపెంకులుంటాయి" అన్నారంతే. ఆ రోజునుంచి నేను 'హారిక గారు' కాదు, 'అమ్మా' అయ్యాను. ఆయన దానియేలు గారుగానే ఉండిపోయారు, అన్నయ్య అని పిలవాలని చాలాసార్లు అనిపించినా.

ఒండ్రు రెండో చప్పుడు ఆ వానాకాలంలో పుట్టింది. నిమిషం పాటలు పోయి పావుగంట పాటలొచ్చాయి. తీగలు ఎంత వదులు చేశామంటే వాయించిన తర్వాత అవి ఇంకా ఊగుతూ కనబడేవి. పెళ్లి బాక్సులు పెద్దవి, మందపు చప్పుడుకే పుట్టినవి. మెల్లగా, లోతుగా ఒక్క దెబ్బ కొడితే గోడౌన్ రేకులు చివరిదాకా వణికేవి. దాని మీద దానియేలు గారి గొంతు నీటి అడుగున రాళ్లు దొర్లుతున్నట్టుండేది. ఆయన ఎప్పుడూ ఆ బాక్సు ఎదురుగా, దాదాపు ఛాతీ ఆనించి నిలబడి పాడేవారు. చర్చి పెద్ద ఒకాయన ఓసారి వచ్చి విని, "ఇదేం పాటయ్యా దానియేలూ, పిశాచం పట్టినట్టుంది" అన్నాడు. "సమాధుల దొడ్లో తల్లులు ఏడిస్తే మీరు ఊరుకోమంటారాండి? ఇదీ అలాంటిదేనండి" అన్నారీయన. పెద్దాయన కాఫీ తాగి వెళ్లాడు. తర్వాత కూడా ఆయన మా పాటలు వినలేదు గానీ, దానియేలు గారిని క్వయర్‌లోంచి తీసేయనూ లేదు.

రికార్డు చేసిన ప్రతిసారీ పాటకి ముందూ వెనకా ఏవో మాటలు కూడా పడేవి. శ్రీనుకి ఏదో చెప్పడం, సునీతక్కని పిలవడం, తనలో తను నవ్వుకోవడం. దానియేలు గారికి అవి వినాలంటే మహా సిగ్గు. "కోసెయ్యమ్మా అవన్నీ. నా మాటలెవరికి కావాలి? అరుపు ఉంచు చాలు" అనేవారు. కోసేశానని చూపిస్తే గానీ కుర్చీలోంచి లేచేవారు కాదు.

మూడో చప్పుడు ఆయన గొంతులో వచ్చింది. ఒక మూఢంలో రికార్డు చేస్తుంటే ఆ గర్జన అంచులు చిరిగిపోయి, లోపలినుంచి ఇంకేదో బయటికొచ్చింది. ఎండిన తాటాకు గోడకి రాసుకుంటున్నట్టు, గుసగుసకీ కేకకీ మధ్య ఏదో. పాట బయటికొచ్చాక ఫోను ఆగలేదు. పోలండ్ నుంచి ఒకడు, చిలీ నుంచి ఒకడు, ఇది ఏ పరికరంతో చేశారు, ఎన్నేళ్లు సాధన చేస్తే ఇలా వస్తుంది అని అడిగేవారు. నేను అవన్నీ తెలుగులో చదివి వినిపిస్తే ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. సునీతక్క ఒక్కతే నవ్వలేదు. "ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుతున్నారమ్మా. మిరియాల పాలు ఇస్తున్నాను, తగ్గట్లేదు" అంది. ఆవిడే పట్టుబట్టి రాజమండ్రిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కణ్ణుంచి విశాఖపట్నం పంపించారు. ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ చప్పుడు, ఆయన స్వరపేటిక మీద పెరుగుతున్న కణితిది.

స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ఆలస్యం చేయకూడదన్నారు. ఆపరేషన్ తర్వాత మెడ దగ్గర రంధ్రంలోంచి ఊపిరి, మాట ఉండదు. ఇది చెప్పేటప్పుడు కూడా దానియేలు గారు ఏదో వ్యాను రిపేరు సంగతి చెబుతున్నట్టే చెప్పారు. చెప్పి, "ఆ చివరి పాట మిగిలిపోయిందమ్మా" అన్నారు. అప్పటికి పాటకి సంగీతమంతా రికార్డయిపోయింది. ఆయన గొంతొక్కటే పడాలి. వచ్చే మూఢంలో చేద్దామనుకున్నాం. మూఢం రావడానికి నెల పైన ఉంది. ఆపరేషన్ వచ్చే సోమవారమే. ఈ లోపల ప్రతిరోజూ ముహూర్తమే, ప్రతి బాక్సూ ఏదో ఒక పందిట్లో ఉంది.

రాజమండ్రిలో ఒక స్టూడియోకి తీసుకెళ్లాను. ఏసీ గది, చెవులకి హెడ్‌ఫోన్స్. ఆయన నోరు తెరిచారు, ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించారు. దగ్గొచ్చింది. బయటికొచ్చి, "బాక్సు ఎదురుగా లేకపోతే నాకు గొంతు పెగలట్లేదమ్మా. గాలి తగలాలి ఛాతీకి" అన్నారు. తిరిగి షాపుకొచ్చేదాకా నేను ఫోన్‌లో బుకింగులు చూస్తూనే ఉన్నాను.

"ఒక్క పెళ్లి క్యాన్సిల్ చేయండి. ఒక్కటి. ఇంకొకరి సెట్టు పంపిద్దాం."

"ఈ సీజన్‌లో ఎవరి దగ్గరుంటుందమ్మా? మాటిచ్చాను వాళ్లకి. ఆ ఆడపిల్లకి ఆ రోజు మళ్లీ రాదు."

"మీ గొంతు మళ్లీ వస్తుందా?" అని అరిచాను.

శ్రీను చేతిలో వైరు చుట్ట పట్టుకుని నేల చూశాడు. దానియేలు గారు నావైపు చూసి ఏదో అనబోయి, దగ్గి, ఆగిపోయారు. సునీతక్క లోపలినుంచి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం తిన్నగా ఉంది. "బాక్సు ఇక్కడికి రాకపోతే మీరే దాని దగ్గరికి పోండి. శుక్రవారం పెనుగొండ పెళ్లి ముహూర్తం రాత్రికి కదా. సెట్టు పొద్దున్నే కడతారు. మధ్యాహ్నం మైకు టెస్టింగ్ ఎలాగూ ఉంటుంది. అప్పుడు పాడేసి రండి."

అలా ఒక ఎక్స్‌ట్రీమ్ మెటల్ గాయకుడి చివరి పాట, పెనుగొండ దగ్గర ఒక రైతు ఇంటి ముందు, అరటిబోదెలు కట్టిన పందిట్లో, మధ్యాహ్నం ఎండలో మొదలైంది. ఒక పక్క వంటవాళ్లు బూరెలు వేస్తున్నారు. పిల్లలు కుర్చీల మధ్య పరిగెడుతున్నారు. నేను మిక్సరు దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. దానియేలు గారు బాక్సుకి ఎదురుగా నిలబడి, కళ్లు మూసుకుని, మొదటి మాట తీశారు.

పందిరంతా ఆగిపోయింది. ఒక పిల్లాడు కెవ్వుమన్నాడు. వంటపాక దగ్గర గరిటె కింద పడింది. ఇంట్లోంచి పెళ్లికూతురి మేనమామ, పంచె ఎగ్గట్టుకుంటూ దూసుకొచ్చాడు. "ఏంటయ్యా ఇది? పెళ్లింట్లో ఈ శవాల ఏడుపేంటి? బుద్ధుందా మీకు? ఆపండి, ఆపండి!"

నేను ఆగలేదు. హైదరాబాద్‌లో గొడవైతే మేం చేసే పని ఒకటే, ఫోను తీసి వీడియో పెట్టడం. ఫోను శ్రీను చేతిలో కుక్కి, "తియ్యి, మొత్తం తియ్యి" అని చెప్పి ఆయన మీదికెళ్లాను. "ఏంటండీ శవాలు? మాట సరిగ్గా రానివ్వండి. డబ్బు తీసుకుని సెట్టు కట్టినవాళ్లం, బానిసలం కాదు!" నేనేం అన్నానో నాకే సరిగ్గా గుర్తు లేదు, చాలానే అన్నాను. దానియేలు గారు వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "నువ్వెళ్లి ఆ వైరు చూడమ్మా. వదులైంది" అన్నారు. ఏ వైరూ వదులవలేదని నాకు తెలుసు. అయినా వెళ్లాను. దూరంనుంచి చూస్తే, ఆయన రెండు చేతులూ కట్టుకుని ఏదో చెబుతున్నారు. మేనమామ మొహం మెల్లమెల్లగా మారింది. ఎగ్గట్టిన పంచె కిందికి దించాడు. తర్వాత వంటపాక వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు. "ఒరేయ్, ఆ గ్రైండరు ఆపండ్రా! పిల్లల్ని లోపలికి తోలండి! ఈయన పాడేదాకా ఎవడూ చప్పుడు చేయకూడదు!"

దానియేలు గారు పాడారు. మొదటిసారి సరిగ్గా రాలేదు, రెండోసారి సగంలో దగ్గొచ్చింది, మూడోసారి వచ్చింది. చివర్లో ఒక పొడుగాటి అరుపుంది, ఊపిరి అయిపోయినా ఆపకూడనిది. ఆయన దాన్ని బాక్సు మీద నుదురు ఆనించి తీశారు. అది అయిపోయాక, పెళ్లికూతురి అమ్మమ్మ పళ్లెంలో ఎర్రనీళ్లు పట్టుకుని వచ్చింది. అశుభమని పందిరికి దిష్టి తీస్తుందనుకున్నాను. ఆవిడ దానియేలు గారి ముందు నిలబడి, ఆయన గొంతు చుట్టూ తిప్పింది. "దిష్టి తగిలింది నాయనా నీ గొంతుకి. పోతుంది, అంతా పోతుంది" అంది. ఆయన చేతులు జోడించి, తల వంచి, చివరిదాకా కదలకుండా నిలబడ్డారు. రాత్రి పెళ్లి బాగా జరిగిందని విన్నాను. సెట్టు ఒక్కసారి కూడా మొరాయించలేదట.

సోమవారం ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆయన రెండు వానాకాలాలు చూశారు. మెడకి తెల్లటి గుడ్డ కట్టుకుని షాపులో కూర్చునేవారు. బాక్సు మీద అరచెయ్యి పెట్టి బాగుందో లేదో చూసేవారు. నాకు మెసేజ్‌లు పెట్టేవారు. టైపు చేసేటప్పుడు కూడా 'అండి' వదిలేవారు కాదు, మళ్లీ గుర్తొచ్చి 'అమ్మా' అని సరిచేసేవారు. పాట బయటికొచ్చినప్పుడు, మధ్యలో ఠంగుమని వినిపించే ఆ వాయిద్యం ఏంటని ఎవరో అడిగారు. బూరెల గరిటె అని చెబితే ఆయన శబ్దం లేకుండా, భుజాలు ఊగిపోయేలా నవ్వారు. తర్వాత కణితి మళ్లీ వచ్చింది. ఈసారి తీసేయడానికి ఇంకేమీ మిగల్లేదు. సమాధుల దొడ్డిలో క్వయర్ పాడింది. వెనక వరసలో ఆయన నిలబడే చోటు ఖాళీగా వదిలేశారు. చర్చి పెద్దాయన ఆ ఖాళీ పక్కనే నిలబడి పాడటం చూశాను.

పోయినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక అయిపోయి, చుట్టాలంతా వెళ్లిపోయాక సునీతక్క నన్ను పిలిచింది. నేను పంపిన పాటలన్నీ విన్నానంది. "అన్నీ బాగున్నాయమ్మా. కానీ అందులో ఆయన లేరు. అది ఆయన పని. ఆయన మాట ఏమైనా ఉందా నీ దగ్గర? సునీతా అని పిలిచింది, అన్నం పెట్టమన్నది... ఏదైనా?"

ఫోను తీశాను. ఫోల్డరు తర్వాత ఫోల్డరు. ప్రతి పాటా సరిగ్గా మొదటి గర్జన దగ్గర మొదలై, చివరి గర్జన దగ్గర ఆగిపోయింది. ఆయనే కోయించారు. వాయిస్ మెసేజ్‌లు ఆయనకి అలవాటు లేదు, ఫోన్ చేసేవారు. జిల్లాలో ఎన్ని పెళ్లి వీడియోలు తీసినా అందరి గొంతులూ ఆయన బాక్సుల్లోంచే వచ్చాయి, ఆయనది ఒక్కటీ లేదు. ఒక మనిషి గొంతు కాపాడాలని అంత గోల చేసి, మేం కాపాడింది సునీతక్కకి అక్కర్లేని గొంతని అప్పుడు అర్థమైంది. అప్పుడు గుర్తొచ్చింది, పెనుగొండలో శ్రీను తీసిన వీడియో. నా అరుపులు నాకే వినబుద్ధి కాక ఎప్పుడూ మొదటి నిమిషం దాటి చూడలేదు. చూస్తే చాలా పొడుగుంది. నేను వైరు చూడ్డానికి వెళ్లిపోయాక కూడా శ్రీను ఫోను ఆపడం మర్చిపోయాడు.

వీడియోలో ముందు నా గోల. తర్వాత ఫోను కిందికి దిగింది. నేల, ఎవరివో చెప్పులు, అరటాకు ముక్క. వాటి మీద ఆ మాట. చిరిగిపోయిన గొంతే, అయినా ఆయన మాటే.

"తప్పు మాదేనండి. ముందు అడగాల్సింది. ఆ అమ్మాయిని ఏమీ అనుకోకండి, మా ఇంటి పిల్లేనండి. నామీద అభిమానంతో అలా అంటోంది గానీ, మనసు మంచిదండి. సోమవారం నాకు గొంతు తీసేస్తున్నారండి. ఇదొక్కటీ పాడేసి వెళ్లిపోతానండి. ఇంటి దగ్గర మా ఆవిడ ఎదురుచూస్తుంటుందండి, ఇది పాడానని చెబితే నిద్రపోతుంది. మూడు రోజుల్నుంచి నిద్రపోలేదండి ఆవిడ."

సునీతక్క ఫోను రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంది. ఏడవలేదు. ఆయన ఒక్కో మాటా అయ్యేసరికి, పక్కగదిలోంచి మాట్లాడుతుంటే జవాబిచ్చినట్టు, మెల్లగా "ఆయ్" అంటోంది. అయిపోయాక మళ్లీ మొదటినుంచి పెట్టమంది. మొదట్లో నా అరుపులుంటాయి, ముందుకి జరపనా అని అడిగితే, "వద్దు, ఉండనీ" అంది. "మా ఇంటి పిల్ల" అన్నది నేను ఆ రోజు విని ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. సిగ్గుతో ఇంకా గట్టిగా అరిచేదాన్నేమో.

ఒండ్రు ఇప్పుడు నేనూ, శ్రీనూ. గ్రౌల్ చేయడం నాకు చేతకాదు, నేర్చుకోవాలనీ లేదు. మా పాటల్లో ఇప్పుడు గాయకుడు లేడు. ఇది బ్యాండుకి నాలుగో చప్పుడు అని రాస్తున్నారు కొందరు, గొంతు లేని లోటు గురించి, మౌనం గురించి ఏవేవో అర్థాలు చెబుతున్నారు. నేను చేస్తున్నది చిన్న పని. రికార్డు బటన్ పాటకి చాలా ముందే నొక్కుతాను, చాలా ఆలస్యంగా ఆపుతాను. ఏదీ కొయ్యను. పోయిన మూఢంలో చేసిన పాట ఎవరికో పంపిస్తే, అంతా బాగుంది గానీ ఆరో నిమిషంలో ఎవరిదో ఆడగొంతు వినబడుతోంది, శుభ్రం చేయండి అన్నాడు. అది సునీతక్క. గుమ్మంలో నిలబడి "శ్రీనూ, హారికా, టీ చల్లారిపోతోందర్రా, ఇంకెంతసేపు?" అంటోంది. దానికి శ్రీను "వత్తున్నాం వదినా" అంటాడు. అదొక్కటే మాట వాడు ఆ రోజంతా మాట్లాడింది. తియ్యను అన్నాను. అతను మళ్లీ మెసేజ్ పెట్టాడు. మొదట్లో మర్యాదగానే చెప్పాను. తర్వాత అంత మర్యాదగా చెప్పలేదు.